చివరి కయ్య ఎండినప్పుడు

మా విడవలూరు వైపు రైతును ఎవరినైనా నిలబెట్టి, "ఏమన్నా, ఈ తూరి ఎడగారు పెడతా ఉండావా?" అని అడిగి చూడండి. ఎడగారు అంటే మా వైపు రెండవ పంట. ఔననీ చెప్పడు, కాదనీ చెప్పడు. ముందుగా పడమటి దిక్కుగా చూస్తాడు. సోమశిలలో పెన్న నీరు ఎంత నిలిచి ఉన్నదో, అందులో సంగం ఆనకట్ట దాకా వచ్చేదెంతో, అక్కడ మళ్ళి కనిగిరి జలాశయంలో దిగి, కాలువలుగా చీలి, పిల్లకాలువలుగా పంచుకొని, పై ఊళ్ళ కయ్యలన్నీ తడిసిన తరువాత తన కయ్యకు మిగిలేదెంతో మనసులో లెక్క వేసుకొని, ఆ మీదట గాని నోరు విప్పడు. మాది చివరి ఆయకట్టు. మా పొలాలు దాటితే ఇసుక. ఇసుక దాటితే సముద్రం. పైన నీరు పుష్కలంగా ఉన్నన్నాళ్ళు మొదటి కయ్యకూ చివరి కయ్యకూ భేదం తెలియదు. పైన జానెడు తగ్గిననాడు మాత్రం మొదట నెర్రె విచ్చేది చివరి కయ్యే.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. మొదట ఎండేది చివరి కయ్య. ఈ ప్రసంగంలో దీనిని మళ్ళీ మళ్ళీ తలచుకోవలసి వస్తుంది.

నేను వైద్యుణ్ణి. కొన్నేళ్ళ క్రిందట, పెద్దకర్తరి రోజులలో, పడమటి గాలి నిప్పులు చెరుగుతూ సముద్రపు గాలిని సాయంకాలం దాకా ఊళ్ళో అడుగు పెట్టనివ్వని ఒకనాటి మధ్యాహ్నం, ఎడగారు నాట్లు వేస్తూ గెనిమ మీద కూలబడిన ఒక కూలితల్లిని తోటివారు ఆటోలో వేసుకొని నేను పనిచేస్తున్న ఆసుపత్రికి తీసుకొని వచ్చారు. ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. చీర కుచ్చెళ్ళ మీద బురద ఇంకా ఆరలేదు. వ్రేళ్ళ సందున నారుపోచ ఒకటి అట్లాగే చిక్కుకొని ఉన్నది. ఒళ్ళు పెనంవలె కాలిపోతున్నది. చెమట చుక్క లేదు. పిలిస్తే పలుకు లేదు, పలికితే పొంతన లేదు. తడిగుడ్డలు కప్పి, ఫ్యాన్లు పెట్టి, సెలైన్ ఎక్కించి ఒంటి వేడిని దించాము. చీకటి పడేవేళకు ఆమె కళ్ళు తెరచి కూతురిని పేరు పెట్టి పిలిచినది. ఆపద గడచినదని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

అది మొదటి నాడు. మూడవ నాటి ఉదయానికి ఆమె కళ్ళు పచ్చబడినవి. మూత్రం తగ్గినది; వచ్చిన కాస్తా డికాషను రంగున ఉన్నది. నోరు కడుక్కుంటే చిగుళ్ళ నుండి వచ్చిన నెత్తురు ఎంతకూ ఆగలేదు. ఆయాసం మొదలైనది. ఆరోగ్యవంతులలో సుమారు 40కి లోపున ఉండవలసిన ఎస్‌జీపీటీ అనే అంకె ఆమె రక్తపరీక్షలో వేలలోకి పోయి ఉన్నది. ఆ కాగితం చేతిలో పట్టుకొని నేను నిలబడి ఉండగా ఆమె పెనిమిటి నన్ను ఒక ప్రశ్న అడిగినాడు.

"అయ్యా, ఎండ కొట్టింది తలకు గదా! కడుపులో ఉండే లివరుకేమయింది? పోనీ లివరుకే అయిందనుకో, ఊపిరెందుకు ఆడటంలా? ఉచ్చ ఎందుకు రావటంలా?"

ఎంత సూటి ప్రశ్న! చెడినది ఒకచోట, బాధ మరియొకచోట. దీనికి కారణమేమి? ఆనాటి హడావిడిలో ఆయనకు నేను సావకాశంగా సమాధానం చెప్పలేకపోయాను. ఆ బాకీ ఈనాడు మీ అందరి ఎదుట తీర్చుకోదలచాను.

మాంసం అంగడిలో మనం కార్జం అంటాము. ఆసుపత్రిలో లివరు అంటాము. పిల్లల పాఠ్యపుస్తకంలో కాలేయమని ఉంటుంది. ఆయుర్వేద గ్రంథాలలో యకృత్తని ఉంటుంది. ఏ పేరున పిలిచినా అది కుడివైపు ప్రక్కటెముకల మరుగున, ఊపిరితిత్తికి దిగువగా, సుమారు కిలోన్నర బరువున ఒదిగి కూర్చున్న మహోపకారి. తిన్న అన్నాన్ని ఒంటికి పట్టేటట్టు చేసేది అదే. రక్తంలోని విషాన్ని విరిచేది అదే. తెగిన గాయం దగ్గర నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన సరుకు తయారు చేసేది అదే. ఇన్ని పనులు చేసే అవయవానికి రక్తం కూడా దండిగా కావాలి. విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి ఇంచుమించు 5 లీటర్ల నెత్తురు తోడుతుంటే, అందులో నాలుగవ వంతుకు పైగా, అనగా రమారమి లీటరున్నర, ఈ ఒక్క కాలేయం గుండానే పారి తిరిగి గుండెకు చేరుతున్నది.

ఆ పారుదలకు రెండు కాలువలున్నవి. ఒకటి కాలేయ ధమని. అది గుండె నుండి ప్రాణవాయువుతో నిండిన ఎర్రని నెత్తురును తెస్తుంది. రెండవది పేగుల నుండి వచ్చే పెద్ద సిర. వైద్యులు దానిని కాలేయ నిర్వాహక సిర అంటారు. మనం తిన్న అన్నపు సారంలో చాలా భాగం ఆ రెండవ కాలువలోనే వస్తుంది. దానితోపాటు పేగులలోని మురికి కూడా కొంత వస్తుంది. వచ్చే నీటిలో మూడు వంతులు ఈ పేగుల కాలువదే. ధమని తెచ్చేది ఒక్క వంతే అయినా, ప్రాణవాయువు విషయంలో మాత్రం అది సగం బరువు మోస్తున్నది. మరొకసారి చెబుతాను. కాలేయానికి రెండు కాలువలు: ఒకటి గుండె నుండి, ఒకటి పేగుల నుండి. రెండూ కలిసి లోపల ఒకే పారుదల అవుతున్నవి.

లోపలికి పోయి చూద్దాము. కాలేయాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి చూచిన వైద్యవిద్యార్థికి, మా ఊరివాడే అయితే, తన పొలం గుర్తుకు రాక తప్పదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న చిన్న మడులు అక్కడ వేలకు వేలు ప్రక్కప్రక్కన అమర్చి ఉంటవి. ప్రతి మడికీ అంచుల నుండి నెత్తురు వస్తుంది. సన్నని కాలువల వెంట కణం ప్రక్కన కణాన్ని తడుపుకుంటూ నడిమికి పారుతుంది. నడిమధ్యన ఉన్న చిన్న సిరలో పడి బయటికి పోతుంది. అంచున ఉన్న కణాలకు తాజా నెత్తురు. నడుమ ఉన్న కణాలకు అందరూ వాడుకోగా మిగిలిన నెత్తురు. అంటే ఈ మడులలో నడుమ ఉన్నవే చివరి కయ్యలు.

గుండె నీరసించినా, కాన్పులో నెత్తురు విపరీతంగా పోయినా, డెంగీ ముదిరి రక్తపోటు పడిపోయినా, ఒళ్ళంతా చీము విషం ఎక్కినా, వడదెబ్బ తగిలినా, కాలేయానికి వచ్చే రక్తం తగ్గుతుంది. తగ్గినప్పుడు ఏ కణాలు ముందు చస్తవి? మీరే చెప్పగలరు. నడుమ ఉన్నవి. చివరి కయ్యలు. రక్తం అందక చనిపోయిన రోగుల కాలేయాన్ని కోసి చూచిన వైద్యులు ప్రతి మడిలోనూ నడుమ మాత్రం పంట ఎండి, అంచులు పచ్చగా ఉండడం ఎన్నోసార్లు చూచి ఉన్నారు.

రక్తం అందకపోతే కణం ఎందుకు చావాలి? ఈ చోట ఒక తెలుగువానిని తలచుకోకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు. 1895లో భీమవరంలో పుట్టి, మదరాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1929లో "సైన్స్" పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. ప్రాణులు తమ శక్తిని నాణెం రూపాన దాచుకొని ఖర్చు పెట్టుకొనే ఎ.టి.పి. అనే పదార్థాన్ని గూర్చి లోకానికి మొదట తెలిపిన వ్రాతలలో అది ఒకటి. అదే ఏట జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా వేరుగా దానిని కనుగొన్నాడు. ఆ తెలుగువాని వ్యాసం శీర్షికలో కండరంతో పాటు కాలేయం పేరు కూడా ఉన్నది. నాకు ఆ సంగతి తెలిసిననాడు కలిగిన ఆనందం ఇంతింతని చెప్పలేను.

ఈ ఎ.టి.పి. కణానికి రోజుకూలి వంటిది. ఏ పూటకాపూట సంపాదించుకోవాలి. ఆ పూటే ఖర్చయిపోతుంది. ప్రాణవాయువు వస్తున్నంతసేపూ సంపాదన ఉంటుంది. అది ఆగితే నిమిషాలలో గల్లా ఖాళీ. మా తీరంలో రొయ్యల గుంటలవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. నడిరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటరు కొరకు ఎట్లా పరుగెత్తుతారో అందరూ చూచినదే. గుంటలో నీరు ఉన్నది, మేత ఉన్నది. గాలి మాత్రం లేదు. తెల్లవారేసరికి రొయ్య ఒడ్డుకు తేలుతుంది. కణంలో కూడా అంతే. తన లోపలికి చొరబడే ఉప్పునూ, దానితోపాటు నీటినీ అనుక్షణం బయటికి తోడిపోసే చిన్న చిన్న మోటార్లు కణానికి ఉన్నవి. వాటికి ఎ.టి.పి.యే కరెంటు. కరెంటు పోతే మోటార్లు ఆగుతవి. నీరు లోపలికి వచ్చి కణం ఉబ్బుతుంది. ఉబ్బిన కణాలు ప్రక్కనున్న సన్నకాలువను నొక్కి, గుర్రపుడెక్క పట్టిన కాలువవలె, ఉన్న కాస్త దారిని కూడా ఇరుకు చేస్తవి.

ఇంతవరకు మనం చెప్పుకున్నది నీరు ఆగినప్పటి చెరుపు. ఇకమీదట చెప్పబోయేది నీరు తిరిగి వచ్చినప్పటి చెరుపు. దయచేసి ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి. ఆ పెనిమిటి అడిగిన ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉన్నది.

వేసవిలో మూతపడిన కాలువకు మళ్ళీ నీరు వదలిన రోజును మీరు చూచే ఉంటారు. పిల్లలు గట్టు వెంట నీటితో పాటు పరుగెత్తుతారు. ఆ తొలినీరు ఎట్లా ఉంటుంది? తేటగా ఉండదు. కుళ్ళిన నాచును, చచ్చిన చేపపిల్లలను, నెలల తరబడి అడుగున పేరుకున్న మురుగును ముందుకు త్రోసుకుంటూ నల్లగా వస్తుంది. అనుభవం గల రైతు ఆ తొలినీటిని నారుమడిలోకి పెట్టడు. అది గడచిపోనిచ్చి, తేటనీరు వచ్చాక గెనిమ తెగ్గొడతాడు. శరీరానికి ఆ వెసులుబాటు లేదు. రక్తం ఆగిన వేళ కాలేయ కణాలలో పేరుకున్న మలినపదార్థాలు, తిరిగి వచ్చిన ప్రాణవాయువుతో కలిసీ కలియగానే, నిప్పురవ్వల వంటి ఉగ్రమైన అణువులుగా మారుతున్నవి. ఏ ప్రాణవాయువు కొరకు కణం అలమటించినదో ఆ ప్రాణవాయువే వచ్చి దాని గోడలను కాల్చివేస్తున్నది. ఎంత దారుణం చూడండి!

కాలేయపు సన్నకాలువలలో కొందరు కావలివారున్నారు. కార్ల్ కుప్‌ఫర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుని పేరున వాటికి కుప్‌ఫర్ కణాలని పేరు వచ్చినది. మా కాలువల మీద లష్కర్లు ఎటువంటివారో, ఇవి అటువంటివి. పేగుల నుండి కొట్టుకొని వచ్చే సూక్ష్మజీవులను ఏరి మ్రింగివేయడం వీటి నిత్యకృత్యం. కాలువలో మంట రేగేసరికి ఈ కావలివారు బెదరి గావుకేకలు వేయడం ప్రారంభిస్తారు. ఆ కేకలు శబ్దరూపంలో ఉండవు, టి.ఎన్.ఎఫ్. మొదలైన పేర్లుగల రసాయనాల రూపంలో రక్తంలో కలుస్తవి. కేక విన్న తెల్లకణాలు గుంపులు గుంపులుగా వచ్చిపడతవి. శత్రువెవడో, స్వజనమెవరో చూడకుండా కనబడిన గోడనల్లా బద్దలు కొడతవి.

కాలేయంలోనే ఆగితే కథ అంతటితో ముగిసేది. ఆగదు. పారే నీటిలో పడినది దిగువకు పోక ఎక్కడికి పోతుంది?

కాలేయానికి దిగువ ఊరు ఏది? కాలేయం నుండి వెలువడిన నెత్తురు జానెడు దూరంలో ఉన్న గుండె కుడిగదిలోకి చేరుతుంది. గుండె దానిని ఆ క్షణమే ఊపిరితిత్తులలోకి తోస్తుంది. కనుక కాలేయపు తొలినీరు పారే మొదటి ఊరు ఊపిరితిత్తి. అక్కడి రక్తనాళాలు సాలెగూడు కంటె సన్ననివి. వాటి గోడకు అవతల మనం పీల్చిన గాలి. మంటలో ఉద్రేకించిన తెల్లకణాలు ఆ సన్నదారులలో చిక్కుకొని అక్కడ కూడా గోడలు తెగ్గొడతవి. నాళాలలోని నీరు గాలి గదులలోకి ఊటగా దిగుతుంది. మనిషికి ఆయాసం. 1990లో అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకలలో ఇది పరీక్షించి చూపారు. కాలేయానికి కొంతసేపు రక్తం ఆపి వదలినప్పుడు టి.ఎన్.ఎఫ్. రక్తంలోకి పొంగి వచ్చినది. వారు చేయి పెట్టనైనా పెట్టని ఊపిరితిత్తులు దెబ్బతిన్నవి. టి.ఎన్.ఎఫ్.ను విరిచే మందు ముందుగా ఇచ్చిన ఎలుకలలో ఊపిరితిత్తుల దెబ్బ తగ్గినది. అంటే మంట పుట్టినది ఎగువ ఊళ్ళో. కాలినది దిగువ ఊళ్ళో. మోసుకొని వచ్చినది కాలువ.

ఊపిరితిత్తులు దాటిన నెత్తురు గుండె ఎడమవైపుకు వచ్చి ఒళ్ళంతటికీ పంపిణీ అవుతుంది. అందులో పెద్ద వాటా మూత్రపిండాలది. అవి శరీరం మొత్తం మీద ఒక శాతం బరువైనా లేవు. అయినా గుండె తోడిన నెత్తురులో అయిదవ వంతు వాటి గుండా వడపోతకు పోతున్నది. అంత నీరు పారేచోట అంత మురుగూ పారుతుంది. మూత్రపిండాల నాళపు గోడలు వాచి, వడపోత మందగించి, మూత్రం తగ్గుతుంది. పెనిమిటి అడిగిన చివరి ప్రశ్నకు ఇది సమాధానం.

ఎగువ మాటేమిటి? దిగువ తూము మూస్తే ఎగువ కాలువ పొంగుతుంది గదా! కాలేయపు దారి మూసుకున్నప్పుడు పేగుల నెత్తురు ముందుకు పోలేక అక్కడే నిలిచి, పేగు గోడలు ఉబ్బి, వాటి కట్టుదిట్టం సడలుతుంది. ఏళ్ళ తరబడి సారా త్రాగి కాలేయం గట్టిపడినవారిలో ఈ ఎగువ పొంగు నెమ్మదిగా పెరిగి, అన్నవాహిక లోపల సిరలు ఉబ్బి, ఒకనాడు పగిలి, మనిషి నెత్తురు కక్కుకుంటాడు. మా జిల్లా దూబగుంటలో 1992 ప్రాంతాన ఆడవారు సారా వద్దని ఎందుకు కొంగు బిగించారో తెలియనివారు ఆ నెత్తురు కక్కిన ఇంటి గుమ్మంలో ఒక్క రాత్రి నిలబడి ఉంటే చాలు. అది వేరొక ప్రసంగానికి తగిన విషయం. ఇక్కడ ఇంతటితో వదలుతాను.

మెదడు సంగతి కూడా రెండు మాటలు. 1877లో పీటర్స్‌బర్గులో నికొలాయ్ ఎక్ అనే రష్యన్ వైద్యుడు కుక్కలలో పేగుల నుండి వచ్చే ఆ పెద్దసిరను కాలేయానికి పోనీయకుండా నేరుగా గుండెకు పోయే సిరలోకి మళ్ళించాడు. 1893లో పావ్లోవ్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ అదే పని మరింత నిపుణంగా చేసి, ఆ కుక్కలకు మాంసం పెట్టి చూచారు. మాంసం తిన్న కుక్క తూలినది, గోడలకు కొట్టుకున్నది, కళ్ళు కనబడనట్లు ప్రవర్తించినది, చివరకు స్మృతి తప్పినది. కాలేయం విరవవలసిన విషం విరవబడక మెదడుకెక్కినది. కాలేయపు రోగి ఉన్నట్టుండి పొంతన లేని మాటలాడితే, పగలు నిద్రపోయి రాత్రంతా మేలుకొని కూర్చుంటే, "దయ్యం పట్టింది" అని తాయెత్తు కట్టేవారిని నేటికీ చూస్తున్నాను. అమ్మలారా, అయ్యలారా, అది దయ్యం కాదు. తాయెత్తు కట్టిన గంటా గంటన్నర ఆ రోగికి చాలా విలువైన కాలం.

ఇంత భయపెట్టిన తరువాత, మనుష్యుడు దీనికి కనుగొన్న ఉపాయాలు కూడా చెప్పాలి. 1908లో గ్లాస్గో నగరంలో జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ అనే శస్త్రవైద్యుడు, దెబ్బ తగిలి కాలేయం చిట్లి నెత్తురు ధారగా పోతున్న రోగులకు ఒక ఉపాయం ప్రకటించాడు. కాలేయానికి పోయే రెండు కాలువలూ ఒకేచోట, ఒకే మడతలో, చేతికి అందేటట్టు ఉన్నవి. బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ ఆ మడతను పట్టి నొక్కితే నెత్తురు ఆగుతుంది. ఈలోగా గాయం కుట్టుకోవచ్చును. నేటికీ ఆ పట్టును ప్రింగిల్ పట్టు అనే అంటున్నాము. అయితే ఎంతసేపు పట్టుకోవాలి? మరీ ఎక్కువసేపు పట్టితే మనం చెప్పుకున్న తొలినీటి చెరుపు తప్పదు. అందుచేత చాలామంది శస్త్రవైద్యులు 15 నిమిషాలు మూసి, 5 నిమిషాలు వదలి, మళ్ళీ 15 నిమిషాలు మూసి పని సాగిస్తారు. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? నీరు చాలనినాడు మన కాలువల మీద పెట్టుకొనే వంతులే ఇవి. మరొక వింత. 1986లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంవారు కుక్కల గుండె మీద చేసిన పరిశోధనలో, పెద్ద కరువుకు ముందు చిన్న చిన్న కరువులు రుచి చూపిస్తే కండరం ఆ పెద్ద కరువును మరింత తట్టుకొన్నది. కాలేయానికి కూడా ఆ గుణం కొంత ఉన్నదని తరువాత తేలినది.

రెండవ ఉపాయం చలువ. రామతీర్థం ఒడ్డున పడవ దిగిన చేపను బెస్తవారు ఐసులో ఎందుకు పెడతారు? వేడిలో ఏదైనా తొందరగా చెడుతుంది కనుక. చల్లబడిన కణానికి ఆకలి తక్కువ, ఖర్చు తక్కువ, ఉన్న ఎ.టి.పి.తో ఎక్కువసేపు నెట్టుకొని రాగలదు. జీవన్‌దాన్ అనే అవయవదాన పథకం ద్వారా ఒకరి కాలేయాన్ని మరొకరికి అమర్చేటప్పుడు దానిని ప్రత్యేకమైన ద్రవంతో కడిగి, ఐసు పెట్టెలో పెట్టి, పోలీసులు దారి తెరపించగా పరుగున తీసుకొని పోవడం మీరు వార్తలలో విన్నదే. అంత జాగ్రత్తగా తెచ్చిన కాలేయానికి క్రొత్త ఒంటిలో తూము ఎత్తిన ఆ మొదటి నిమిషాలలో రోగి రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చును. గుండె లయ తప్పవచ్చును. మత్తు ఇచ్చే వైద్యుడు ఊపిరి బిగబట్టి చూచే నిమిషాలవి.

చలువ కాలేయానికి మేలు చేస్తుందంటే, వేడి ఏమి చేస్తుందో ఊహించండి. ఇక మా కూలితల్లి దగ్గరకు తిరిగి వద్దాము.

ఎండలో పని చేసే మనిషి ఒళ్ళు చల్లబడాలంటే నెత్తురు చర్మానికి రావాలి. చల్లని వేళ చర్మానికి పోయే నెత్తురు నిమిషానికి అర లీటరుకు మించదు. తీవ్రమైన వేడిలో అది 6 నుండి 8 లీటర్ల దాకా పెరగవచ్చును. ఆ నీరంతా ఎక్కడి నుండి రావాలి? గుండె కొంత ఎక్కువగా తోడుతుంది. మిగిలినది పేగుల వంతు, కాలేయం వంతు తగ్గించి చర్మానికి మళ్ళించాలి. పైగా నాట్లు వేస్తున్న కండరాలు తమ వంతు తాము అడుగుతున్నవి. చెమటగా పోయిన నీటిని త్రాగి పూరించలేదు. కాలువలో నీరు తగ్గినది. తగ్గిన నీటికి కొత్త ఆయకట్టు తోడైనది. వేడెక్కిన కాలేయపు దాహం మాత్రం రెట్టించినది. రక్తం అడుగంటి పేగుల గోడ సడలి అక్కడి విషం ఆ పెద్ద సిరలోకి ఊరినది. అన్నీ ఒకేసారి వచ్చి ఆ నడిమి కణాల మీద పడ్డవి. మళ్ళీ చెబుతున్నాను, మొదట ఎండేది చివరి కయ్య. మేము ఆమెను చల్లబరచి సెలైన్ ఎక్కించేసరికి కాలువకు నీరు వచ్చినది. తొలినీరు ఊపిరితిత్తులకూ మూత్రపిండాలకూ పారినది. అందువల్లనే మొదటి నాడు తెలివి వచ్చిన మనిషి మూడవ నాడు పచ్చబడినది.

2015 వేసవిలో మన ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా కన్నుమూశారు. వారిలో ఎక్కువమంది ఎండలో పని చేయక గడవనివారు, ఇంట్లో ముసలివారు. కనుక నేను చెప్పేది శాస్త్రవినోదమని వినకండి.

పొలంలో ఎవరైనా ఎండకు తూలి, తికమకగా మాట్లాడితే, అది వడదెబ్బ అనుకోండి. చెమట పట్టి ఉన్నా సరే, అనుకోండి. వెంటనే నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్ళు పోసి, విసరండి. కాలువ నీరయినా ఫరవాలేదు. చల్లార్చడం ఆటో ఎక్కించిన తరువాత కాదు, ఎక్కించక ముందే మొదలు కావాలి. దారి పొడవునా సాగాలి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు, మజ్జిగ పోయవద్దు. ఊపిరి గొట్టంలోకి పోతుంది. జ్వరం బిళ్ళ వేయవద్దు. ఈ మాట ప్రత్యేకంగా వినండి. పారాసెటమాల్ బిళ్ళ వడదెబ్బ వేడిని దించదు. అప్పటికే నలిగిన కాలేయం మీద మరొక బరువు పెడుతుంది. ఇక మరొక సంగతి: తెలివి వచ్చినది గదా అని సాయంత్రానికే ఇంటికి తీసుకొని పోవద్దు. కాలేయపు దెబ్బ రెండవ నాడో మూడవ నాడో బయటపడుతుంది. మూత్రం ఎంత వస్తున్నదో, ఏ రంగున వస్తున్నదో చూడండి. కళ్ళు చూడండి. రక్తపరీక్ష మొదటి నాడు చేయించినా, మూడవ నాడు మళ్ళీ చేయించండి.

ఆనాడు నేను మొదటి రోజునే ఆమె కాలేయపు పరీక్ష పంపలేదు. తెలివి రావడంతోనే తృప్తి పడ్డాను. ఆ రెండు రోజుల ఆలస్యం నా మనసులో ఇప్పటికీ ముల్లువలె ఉన్నది. ఆ తరువాత వడదెబ్బతో వచ్చిన ఏ రోగినీ మూడవ నాటి పరీక్ష లేకుండా నేను పంపలేదు.

ఆమె బ్రతికినది. కాలేయానికి ఉన్న గొప్ప గుణం ఒకటి ఆమెను కాపాడినది: అంచు కయ్యలు పచ్చగా ఉంటే, నడుమ ఎండిన కయ్యలను అది తిరిగి నాటుకోగలదు. వారం దాటిన తరువాత ఎస్‌జీపీటీ వేల నుండి వందలకు దిగినది. ఆయాసం తగ్గినది. పదకొండవ నాటి తెల్లవారుజామున ఆమె పెనిమిటి నా గదికి వచ్చి, చేతిలో కొలతగిన్నె పట్టుకొని, "అయ్యా, చూడండి, తేటగా వచ్చింది" అన్నాడు. కాలువలో తేటనీరు చూచిన రైతు ముఖం ఎట్లా ఉంటుందో, ఆయన ముఖం అట్లా ఉన్నది.

మరుసటి ఏడు ఎడగారు నాట్ల వేళకు ఆ దారిన పోతూ వారి ముఠాను చూచాను. తెల్లవారుజామున చీకటి ఉండగానే కయ్యలో దిగుతున్నారట. ఎండ ముదిరేలోగా గెనిమ ఎక్కి, తాటాకు పందిరి క్రింద మజ్జిగ కడవ చుట్టూ కూర్చుంటున్నారట. ఆ పందిరి వేయించినది ఆమేనని తోటివారు చెప్పారు.